కళాకారుడి ఇంట్లో ఒక ఫైలు ఉండాలి



కళాకారులకూ, నాటక సమాజాలకూ ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం. ఏయే పథకాలున్నాయి, ఎవరు దేనికి అర్హులు, దరఖాస్తు ఎలా రాయాలి, డబ్బు వచ్చాక ఏం చేయాలి అన్నవే విషయాలు.

తణుకులో కూర్చుని ఈ సంగతి మాట్లాడుతూ నన్నయను తలుచుకోకపోతే బాగుండదు. ఆదికవి గోస్తనీ నది తీరాన యజ్ఞం చేసిన చోటు ఇదేనని ఈ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. భారత రచనలో ఆయనకు తోడు నిలిచినవాడు నారాయణభట్టు. ఆ నారాయణభట్టుకు రాజరాజనరేంద్రుడు 1053లో నందంపూడి గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడు. రాగి రేకుల మీద చెక్కించిన ఆ శాసనాన్ని రచించింది నన్నయే. అందులో దానం ఇచ్చిన రాజు వంశం ఉంది, పుచ్చుకున్న పండితుడి వంశం ఉంది. ఆయనకు సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం వచ్చునని ఉంది. ఆయన బిరుదులున్నాయి. ఇచ్చిన ఊరు ఏదో, దాని హద్దులేమిటో ఉన్నాయి.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. నారాయణభట్టు రాసిన కావ్యమేదీ మనకు దక్కలేదు. అయినా ఆయన ఎంతటివాడో వెయ్యేళ్ల తర్వాత కూడా చెప్పుకోగలుగుతున్నామంటే, ఎవరో ఒకరు ఆయన అర్హతలను వివరంగా రాసిపెట్టబట్టే. మన గోదావరి డెల్టాలో ఇవాళ కళకు కరువు లేదు. హరికథ ఉంది, బుర్రకథ ఉంది, పద్యనాటకం ఉంది, అమ్మవారి జాతరల్లో గరగ నృత్యం ఉంది, ద్రాక్షారామం వీరనాట్యం ఉంది, డప్పు ఉంది. లేనిదల్లా రాసిపెట్టిన కాగితం. ప్రభుత్వ సాయం దగ్గర మనవాళ్లు ఆగిపోతున్నది అక్కడే.

పూర్వం ఈ కాగితాల బెడద లేదు. భాగవతార్ గారు చిడతలు పట్టుకుని ఊళ్లోకి వస్తే, శ్రీరామనవమి పందిట్లో కథ చెప్తే, ఊరిపెద్దలు సంభావన ఇచ్చేవారు. కోతల రోజుల్లో కళ్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. జమీందార్లు ఆదరించేవారు. కపిలేశ్వరపురం జమీందారు కుటుంబం నెలకొల్పిన సర్వారాయ హరికథా పాఠశాల ఎందరో ఆడపిల్లలను భాగవతారిణులుగా తీర్చిదిద్దింది. నాటకమైతే టిక్కెట్టు మీద బతికింది. తణుకు పక్కనే ఉన్న ఖండవల్లిలో 1867లో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి 'గయోపాఖ్యానం' లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయిందని చెప్తారు. రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి సమాజం చిలకమర్తివారి నాటకాలు ఆడుతుంటే, కుర్రవాడైన టంగుటూరి ప్రకాశం పంతులుగారు అందులో వేషం కట్టారు. సర్కారు సొమ్ము ఎవరూ అడగలేదు, అడిగే అవసరమూ రాలేదు.

ఇప్పుడు ఆ జమీందార్లు లేరు. కళ్లంలో ధాన్యం కొలిచే పద్ధతీ లేదు, వరికోత యంత్రం పొలంలోంచే ధాన్యాన్ని లారీకి ఎక్కిస్తోంది. నాటకానికి టిక్కెట్టు కొనేవాళ్లు తగ్గారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పోషకుల స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. సంగీత నాటక అకాడమీ 1953లో ప్రారంభమైంది. మరుసటి ఏడు సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీ వచ్చాయి. 1980లలో ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్ తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రంలోనూ, నాగపూర్‌లోని దక్షిణ మధ్య మండల కేంద్రంలోనూ సభ్యత్వం ఉన్న రాష్ట్రం. ఈ సంగతి తెలిసిన కళాకారులు మన పల్లెల్లో బహు తక్కువ.

అన్నిటికంటే ముందు పురస్కారానికీ గ్రాంటుకూ ఉన్న తేడా తెలియాలి. పురస్కారం జరిగిపోయిన పనికి ఇస్తారు. మన తణుకు పక్క మండపాకలో పుట్టిన దేవరకొండ బాలగంగాధర తిలక్ 1966లో కన్నుమూశారు. ఆయన కవితా సంపుటి 'అమృతం కురిసిన రాత్రి'కి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1971లో వచ్చింది. గ్రాంటు అలాంటిది కాదు, చేయబోయే పనికి ఇచ్చేది. బతికున్నవాళ్లు, పని తలపెట్టినవాళ్లు, అడిగినవాళ్లు పుచ్చుకునేది. "మాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదండీ" అని వాపోయే కళాకారుణ్ణి "మీరు ఎప్పుడైనా, ఎక్కడైనా అడిగారా?" అంటే చాలాసార్లు జవాబుండదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఢిల్లీ పెడుతుందా?

సరే, ఏం అడగాలి? వయసు వరసన చెప్పుకుంటే గుర్తుంటుంది.

ఇంట్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్ల సంగీతమో, కూచిపూడో, మృదంగమో, చిత్రలేఖనమో నేర్చుకుంటోందనుకోండి. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద సీసీఆర్‌టీ అనే సంస్థ ఉంది. సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం అని దాని పేరు. 1979లో ఢిల్లీలో పెట్టారు, హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. కళల్లో ప్రతిభ ఉన్న పిల్లలను ఎంపిక చేసి ఈ సంస్థ ఉపకార వేతనం ఇస్తుంది. మొత్తం పెద్దది కాదు. సంవత్సరానికి 3,600 రూపాయలు, దానికి తోడు గురువుకు కట్టిన ఫీజు కొంత పరిమితి దాకా తిరిగి ఇస్తారు. కానీ చిన్న వయసులోనే నిపుణుల ముందు పాడి, ఆడి ఎంపికయ్యానన్న పేరు ఆ పిల్లకు జీవితాంతం పనికొస్తుంది.

18 నుంచి 25 ఏళ్ల లోపువాళ్లకు యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది. నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు. ఇప్పటికే గురువు దగ్గర కొన్నేళ్లు నేర్చుకుని, ఇంకా పై మెట్టుకు వెళ్దామనుకునేవాళ్లకు ఇది. శాస్త్రీయ సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళతో పాటు జానపద, సంప్రదాయ కళలు కూడా ఇందులో ఉన్నాయి. బుర్రకథ నేర్చుకునే కుర్రాడు కూడా అడగవచ్చన్నమాట. మనవాళ్లు అడగరు. ఇలాంటివి కర్ణాటక సంగీతం వాళ్లకేనని అనుకుంటారు.

25 దాటి 40 లోపువాళ్లకు జూనియర్ ఫెలోషిప్ ఉంది, నెలకు 10,000. 40 దాటినవాళ్లకు సీనియర్ ఫెలోషిప్, నెలకు 20,000. రెండూ రెండేళ్ల పాటు. ఏటా 200 సీనియర్, 200 జూనియర్ ఫెలోషిప్‌ల దాకా దేశమంతటికీ ఇస్తారు. ఇది పింఛను కాదు, పరిశోధనకు ఇచ్చే డబ్బు. అంటే ఒక అంశం ఎంచుకుని, రెండేళ్లలో దాని మీద ఏం తేలుస్తారో చెప్పాలి. పుస్తకాల పరిశోధనే కానక్కర్లేదు, ప్రదర్శనకు సంబంధించిన పరిశోధన కూడా పనికొస్తుంది. డెల్టా జాతరల్లో గరగ కట్టే పద్ధతులు ఊరూరికీ ఎలా మారుతున్నాయి? హరికథలో ఆడవాళ్లు వచ్చాక కథనం ఎలా మారింది? పద్యనాటకంలో హార్మోనియం వాయించినవాళ్ల చరిత్ర ఏమిటి? ఇవన్నీ మన ముంగిట్లో ఉన్న అంశాలే. వీటి మీద పని చేయడానికి తణుకులోనో, అత్తిలిలోనో, పెనుగొండలోనో ఉన్న మనిషిని మించిన అర్హుడు ఢిల్లీలో దొరకడు.

అరవై దాటిన పెద్దలకు ఇంకొకటి ఉంది. కళకే జీవితం ధారపోసి, ఇప్పుడు ఆదాయం లేక ఇబ్బంది పడుతున్న వృద్ధ కళాకారులకు కేంద్రం నెలకు 6,000 రూపాయల దాకా సాయం చేస్తుంది. సంవత్సరాదాయం 72,000 మించకూడదు. అందుకు తహసీల్దారు ఆఫీసు నుంచి ఆదాయ ధ్రువపత్రం కావాలి. సాయం మొదలయ్యాక ఏటా జీవించి ఉన్నట్టు, ఆదాయం పెరగలేదన్నట్టు పత్రాలు పంపుతూ ఉండాలి. పంపడం మరిచిపోతే సాయం ఆగిపోతుంది. ఆ కళాకారుడు కాలం చేస్తే సాయాన్ని భార్యకో, భర్తకో మార్చే వీలుంది. ఇంట్లోవాళ్లు ఈ సంగతి తెలిసి ఉండాలి.

రాష్ట్ర ప్రభుత్వం తరఫున డప్పు కళాకారులకు పింఛను ఉంది. 2024 జూలై నుంచి నెలకు 4,000 అయింది. దీనికి ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు, మీ గ్రామ సచివాలయంలో అడగండి. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ విజయవాడలో ఉంది. ప్రభుత్వ ఉత్సవాలకు కళాబృందాలను పిలిచేది వాళ్లే. నాటకాల వాళ్లకు నంది నాటకోత్సవాలున్నాయి. పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక, కళాశాల విద్యార్థుల నాటిక అని విభాగాలుంటాయి. కందుకూరి వీరేశలింగంగారి పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. ఇలాంటి సందర్భాల ప్రకటనలు పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తాయి. ఒక కన్నేసి ఉంచాలి.

ఇంతవరకు చెప్పినవి వ్యక్తులకు. ఇప్పుడు సమాజాల సంగతికి వద్దాం.

నలుగురు కలిసి నాటకాలు ఆడుతున్నారు. ముప్పై ఏళ్లుగా నాటక పరిషత్తులకు వెళ్తున్నారు. బోర్డు ఉంది, పేరు ఉంది. రిజిస్ట్రేషన్ మాత్రం లేదు. అప్పుడు ప్రభుత్వం దృష్టిలో ఆ సమాజమే లేదు. మొట్టమొదట చేయాల్సిన పని, 2001 నాటి మన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించుకోవడం. కార్యవర్గం, నియమావళి, సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉండాలి. ఖాతా సంఘం పేరు మీదే ఉండాలి, కార్యదర్శిగారి సొంత ఖాతా చెల్లదు. తర్వాత నీతి ఆయోగ్ వాళ్ల ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్లో నమోదై ఒక నంబరు తీసుకోవాలి. అది లేకపోతే కేంద్రం దగ్గర స్వచ్ఛంద సంస్థల దరఖాస్తు ముందుకు కదలదు. ఏటా ఆడిటర్ చేత లెక్కలు చూపించి సంతకం పెట్టించుకోవాలి. చాలా పథకాలు మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతాయి. కాబట్టి గ్రాంటు కావాల్సిన సంవత్సరం వచ్చాక రిజిస్ట్రేషన్‌కు పరిగెత్తి లాభం లేదు. ఈ సంవత్సరం చేయించుకుంటే మూడేళ్ల తర్వాత అది అక్కరకొస్తుంది.

ఇవన్నీ ఉంటే రెండు పెద్ద పథకాలున్నాయి. మొదటిది సాంస్కృతిక కార్యక్రమాలకూ, కొత్త ప్రదర్శనల తయారీకీ ఇచ్చే గ్రాంటు. నాటకోత్సవం, సెమినార్, వర్క్‌షాప్, కొత్త నాటకం, నృత్యరూపకం ఏదైనా సరే, 5 లక్షల దాకా ఇస్తారు. ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల దాకా వెళ్లవచ్చు. రెండోది గురుశిష్య పరంపర కింద ఇచ్చేది, రిపర్టరీ గ్రాంటు అంటారు. ఒక గురువు, ఆయన దగ్గర నేర్చుకుంటూ ఆడే శిష్యులు. గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000. నాటకమైతే ఒక గురువుకు 18 మంది శిష్యుల దాకా, సంగీత నృత్యాలకు 10 మంది దాకా. ఏటా నిపుణులు చూసి కొనసాగించాలో లేదో తేలుస్తారు. ఇంకా చిన్న మొత్తంలో ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు కూడా, అంతరించే స్థితిలో ఉన్న కళలను నేర్పే గురువుకూ, వాద్యకారుడికీ, శిష్యులకూ నెలనెలా ఇస్తాయి. పల్లెటూరి జానపద కళకు అన్నిటికంటే దగ్గరి దారి ఇదే.

ఈ అంకెలన్నీ పథకాల మార్గదర్శకాల్లో ఉన్నవి. ప్రకటన వచ్చినప్పుడు అందులో ఉన్న మొత్తం, వయసు, గడువు మరొక్కసారి సరిచూసుకోండి. ప్రకటనల కోసం కేంద్ర సాంస్కృతిక శాఖ వెబ్‌సైటు చూడండి. స్కాలర్‌షిప్‌లకూ, ఫెలోషిప్‌లకూ సీసీఆర్‌టీ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ లేని సైటులో ఆధార్ నంబరు ఇవ్వకండి. "గ్రాంటు ఇప్పిస్తాం, పదో వంతు మాకివ్వండి" అని ఎవరైనా వస్తే గుమ్మం దగ్గరి నుంచే పంపించేయండి.

ఇప్పుడు అసలు మాట, దరఖాస్తు.

మన పెద్ద కళాకారుల ఇళ్లకు వెళ్లి చూడండి. ముందుగదిలో అద్దాల బీరువా ఉంటుంది. అందులో షీల్డులు, మెమెంటోలు, వెండి పూత పూసిన కిరీటం. గోడకు సన్మానపత్రాలు, పెట్టెలో శాలువాలు. నలభై ఏళ్ల కీర్తి అంతా ఆ గదిలో కొలువై ఉంటుంది. "ఫలానా సంవత్సరం భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల్లో మీరు కథ చెప్పిన కరపత్రం ఉందా?" అని అడగండి. ఉండదు. పేపర్లో వచ్చిన వార్త ముక్క ఉండదు. ఉన్న ఫొటోల్లో ఎక్కువ, మంత్రిగారు శాలువా కప్పుతున్నవి. కళాకారుడు కథ చెప్తున్న ఫొటో ఒక్కటి ఉండదు. దరఖాస్తు చూసే కమిటీకి శాలువా ఎంత ఖరీదైనదన్నది అక్కర్లేదు. ఈ మనిషి ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏ కథ, ఎవరి వాద్య సహకారంతో చెప్పాడన్నది కావాలి. ఆ సంగతి చెప్పేది నాలుగణాల కరపత్రమే. కరపత్రాలను పడేయకండి.

అలాగే ఆకాశవాణి గ్రేడు ఉత్తర్వు ఉంటే అది బంగారం. ఆడిషన్‌లో బి, బి హై, ఏ, టాప్ అని నిపుణులు ఇచ్చిన గ్రేడు అది, ఏ కమిటీ అయినా గౌరవిస్తుంది. రేడియో కాంట్రాక్టు కాగితాలు కూడా దాచుకోండి. గురువుగారి చేత, నేను ఇన్నేళ్లు ఫలానా విద్య నేర్పానని ఆయన బతికుండగానే ఒక పత్రం రాయించుకోండి. అయిదారు నిమిషాల వీడియో ఒకటి, వెలుతురు బాగా ఉన్నప్పుడు, పూర్తిగా ప్రదర్శనే కనిపించేలా తీయించుకోండి. సన్మాన ఉపన్యాసాల వీడియో ఎవరూ చూడరు.

ఇక రాయడం. "ఏం చేస్తారు?" అన్న గడిలో నూటికి తొంభైమంది రాసే వాక్యం ఇలా ఉంటుంది: "అంతరించిపోతున్న మన జానపద కళలను పునరుజ్జీవింపజేసి భావితరాలకు అందించడమే మా సంస్థ ధ్యేయం." ఈ వాక్యం శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. చదివేవాడికి దానివల్ల ఏమీ తెలియదు.

దాన్నే ఇలా రాస్తే? "గరగ నృత్యం పూర్తిగా తెలిసిన పెద్దలు మా ప్రాంతంలో నలుగురున్నారు. నలుగురికీ అరవై దాటింది. ఆరు నెలల పాటు ప్రతి శని, ఆదివారాలు పన్నెండు మంది యువకులకు అడుగులు, డప్పు దరువులు, గరగ అలంకరించే తీరు నేర్పిస్తాం. మొదటి రెండు నెలలు అడుగులు, తర్వాత రెండు నెలలు దరువుతో కలిపి, చివరి రెండు నెలలు తల మీద గరగతో. ఆఖరున ఊరి జాతరలో ప్రదర్శన. పెద్దలు నేర్పిన దరువులన్నీ వీడియో తీసి, ఒక్కో ప్రతి గ్రంథాలయానికీ, బడికీ ఇస్తాం." ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. ఎవరు, ఎవరికి, ఏమిటి, ఎన్నాళ్లు, చివరకు మిగిలేదేమిటి అన్నది ఉంది. కమిటీకి అదే కావాలి.

బడ్జెట్టు కూడా అంతే. "రవాణా ఖర్చులు 50,000" అని ఒక్క ముక్కలో రాస్తే ఎవరూ నమ్మరు. తణుకు నుంచి ఏలూరుకు పద్నాలుగు మంది నటులు, సాంకేతికులు. సెట్టుకు ఒక వ్యాను. రానూపోనూ అద్దె ఇంత. రెండు ప్రదర్శనలకు ఇంత అని విడదీసి రాయాలి. రిహార్సల్ హాలు అద్దె రోజుకింత, ఎన్ని రోజులు. మేకప్ మనిషికి ఇంత, లైటింగ్‌కు ఇంత, తబలా, హార్మోనియం, కీబోర్డు వాళ్లకు ఇంత. టిఫిన్లు, భోజనాలు తలకింత. మీ సొంతంగా సమకూర్చుకునేది కూడా చూపించాలి. ఊళ్లో చందాలు, రైస్ మిల్లు వాళ్లు ఇచ్చే బియ్యం, కల్యాణమండపం ఉచితంగా ఇస్తే దాని అద్దె విలువ, అన్నీ రాయండి. ఊరు తన వంతు వేస్తోందని తెలిస్తే ఇచ్చేవాడికి ధైర్యం. అన్నిటికంటే ముఖ్యం, అవసరమైన దానికంటే ఎక్కువ అడగకండి. "సగం కోస్తారులే, డబుల్ వేద్దాం" అన్న లెక్క కమిటీలో ఉన్న పాత నాటకాల వాళ్ల ముందు చెల్లదు. సెట్టు ఖర్చెంతో వాళ్లకూ తెలుసు.

డబ్బు ఒక్కసారే మొత్తం రాదు. కార్యక్రమాల గ్రాంటులో ఎక్కువ భాగం ముందొస్తుంది, మిగిలింది పని పూర్తయి, లెక్క చూపాక వస్తుంది. ఆ లెక్కనే వినియోగ ధ్రువపత్రం అంటారు, ఆఫీసుల్లో యూసీ అంటారు. కేంద్ర నిబంధనల్లో దానికి 12-ఏ అనే నమూనా ఉంది. ఆడిటర్ సంతకం, బిల్లులు, ఫొటోలు, నివేదిక జతచేసి పంపాలి. పంపనివాళ్లకు మిగిలిన విడత రాదు, మరో గ్రాంటూ రాదు. ఒక్కోసారి ఇచ్చింది వడ్డీతో తిరిగి కట్టాల్సి వస్తుంది. మేకప్ మాస్టారికి ఇచ్చిన రెండు వేలకు కూడా, ఆయన చేత రసీదు మీద సంతకం పెట్టించుకోండి. ఆయనేమీ అనుకోరు.

ఇన్ని చెప్పాక పద్ధతిలో ఉన్న లోపాలు చెప్పకపోవడం ధర్మం కాదు. దరఖాస్తులు ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటాయి. వంద తెలుగు పద్యాలు రాగయుక్తంగా పాడగల మనిషి ఆన్‌లైన్ ఫారం ముందు నోరు మెదపలేడు. ప్రకటన ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక గడువు తక్కువ. ఫలితం రావడానికి నెలలు పడుతుంది. వృద్ధ కళాకారుడికి నెలకు 6,000 అంటే మందులకే చాలదు. ఇవన్నీ నిజాలే. ఫారాలు తెలుగులో ఉండాలనీ, జిల్లా కేంద్రంలో దరఖాస్తు రాయించడానికి ఒక మనిషి ఉండాలనీ మనం అడగాల్సిందే. బ్రిటన్లో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టినప్పుడు డబ్బు ప్రభుత్వానిది, నిర్ణయం మాత్రం కళ తెలిసినవాళ్లది అన్న పద్ధతిని పాటించారు. మన దగ్గర కూడా నిపుణుల కమిటీలున్నాయి. ఆ కమిటీల్లో జానపదం తెలిసినవాళ్లు, జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువమంది ఉండాలి.

అయితే లోపాలున్నాయని అడగడం మానేస్తే నష్టం ఎవరికి? మనం అడగని గ్రాంటు ఖజానాలో ఉండిపోదు, వేరే రాష్ట్రంలో కాగితం సరిగ్గా రాసుకున్న బృందానికి వెళ్తుంది. మొదటిసారి రాకపోతే రెండోసారి పెట్టాలి. తిరస్కరించారంటే మీ కళను తక్కువ చేశారని కాదు. చాలాసార్లు ఒక పత్రం తగ్గి ఉంటుంది, లేదా ప్రతిపాదన స్పష్టంగా లేకపోయి ఉంటుంది.

చివరగా ఒక్క విన్నపం, కళాకారులకు కాదు, వాళ్ల చుట్టూ ఉన్న మనకు. తణుకులో, పైడిపర్రులో, వేల్పూరులో, ఇరగవరంలో కంప్యూటర్ తెలిసిన పిల్లలు వీధికి పదిమంది ఉన్నారు. రిటైరైన మాస్టార్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, ఆడిటర్లున్నారు. ప్రతి వీధిలోనూ ఎవరో ఒక పాత కళాకారుడు ఉంటారు. ఈ ఆదివారం ఆ పెద్దాయన ఇంటికో, ఆ పెద్దావిడ ఇంటికో వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక ఫైలు కొనుక్కుని వెళ్లండి. పుట్టిన తేదీ, గురువు పేరు, నేర్చిన కథలు, ఆడిన వేషాలు, వెళ్లిన ఊళ్లు ఆయన చెప్తుంటే మీరు రాయండి. దొరికిన కరపత్రాలు, రేడియో కాగితాలు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు అందులో పెట్టండి. ఒక వీడియో తీయండి. అది పూర్తయితే దరఖాస్తులో ముప్పాతిక వంతు పని అయిపోయినట్టే. మిగిలిన పావు వంతు ప్రకటన వచ్చిన రోజున చేసుకోవచ్చు.

నారాయణభట్టు గురించి రాసిపెట్టడానికి నన్నయ ఉన్నాడు. మన కళాకారుల గురించి రాసిపెట్టే బాధ్యత మనది. మీ వీధిలోని ఆ ఒక్క ఇంటితో మొదలుపెట్టండి.